వంకర దారిలో చుక్క నీరు

గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్ట పొలాల్లో మిరప సాళ్ల వెంట పరిచిన నల్లటి డ్రిప్పు గొట్టాలను మీరు చూసే వుంటారు. చుక్కలు పడడానికి గొట్టానికి సన్నని రంధ్రం పొడిస్తే చాలదా? లోపల డ్రిప్పర్ అనే ప్లాస్టిక్ బిళ్ల దేనికి?

లెక్క వేసి చూడండి. గొట్టంలో పీడనం 10 మీటర్ల ఎత్తు నీటిస్తంభానికి సమానం అనుకుందాం. రంధ్రం నుంచి నీరు సెకనుకు 14 మీటర్ల వేగంతో చిమ్ముతుంది. గంటకు 2 లీటర్లే రావాలంటే ఆ రంధ్రం వ్యాసం సుమారు పావు మిల్లీమీటరు వుండాలి. దాన్ని మూసేయడానికి బోరు నీటిలో వచ్చే ఒక్క ఇసుక రేణువు చాలు! మొక్క వాడిపోయేదాకా రైతుకు సంగతి తెలియదు.

కనుక దారిని మరీ సన్నం చేయకుండానే నీటిని నెమ్మదింపజేయాలి. ఇజ్రాయెల్ ఇంజనీరు సిమ్కా బ్లాస్ 1960 దశకంలో ఇందుకు పొడవాటి దారిని వాడాడు. అంత పొడవును చిన్న బిళ్లలో ఇమడ్చాలంటే చుట్టలు చుట్టాలి గదా!

మరి ఒంపులో నీరు ఏం చేస్తుంది? గొట్టం నడుమ నీరు వేగంగా, గోడల దగ్గర నెమ్మదిగా పారుతుంది. బస్సు మలుపు తిరిగితే మీరు పక్కకు ఒరిగినట్లే, నడుమనున్న వేగం గల నీరు వెలుపలి గోడవైపు తోసుకుపోతుంది. నెమ్మది నీరు పైగోడ, కిందిగోడల వెంట లోపలి వైపుకు మళ్లుతుంది. ఇలా ముందుకు పోతూనే నీరు జంట సుడులుగా మెలిపడుతుంది. 1927లో బ్రిటన్ గణితవేత్త డబ్ల్యు. ఆర్. డీన్ దీన్ని లెక్కకట్టి చూపాడు. ఈ సుడుల వల్ల రాపిడి పెరుగుతుంది. నీటిలో వదిలిన యూరియా కూడా త్వరగా కలిసిపోతుంది. (గ్లాసు నీటిలో టీపొడి వేసి, అడుగుకు దిగాక చెంచాతో గిరగిర తిప్పండి. పొడి అంచుకు పోక నడుమకు చేరుతుంది! అదీ ఇలాంటి సుడి పనే. 1926లో ఐన్‌స్టీన్ దీన్ని వివరించాడు.)

ఇప్పటి డ్రిప్పర్లలో చాలావాటికి రంపపు పళ్లలాంటి మలుపులుంటాయి. పంటి పంటికీ నీరు కొట్టుకుని, సుడి తిరిగి, కొంత శక్తి పోగొట్టుకుంటుంది. అందుకే దారి మిల్లీమీటరు వెడల్పున్నా చుక్కలే వస్తాయి. ఇంకో లాభం సాలు చివరి మొక్కది. గొట్టం పొడవునా పీడనం తగ్గుతూ వస్తుంది. నీరు పొరలు పొరలుగా పారే సన్నని నాళంలో పీడనం నాలుగోవంతు తగ్గితే నీరూ నాలుగోవంతు తగ్గుతుంది. ఈ పళ్ల దారిలోనైతే నీరు పీడనపు వర్గమూలాన్ని బట్టి వస్తుంది. వర్గమూలం తీసి చూడండి, తగ్గేది సుమారు 13 శాతమే!

ఒక చిక్కు మాత్రం వుంది. పంటి వెనక మూలల్లో సుడి మందంగా తిరుగుతుంది. ఒండ్రు అక్కడే పేరుకుంటుంది, బోరు నీటిలోని సున్నపు లవణాలు అంటుకుంటాయి. రైతులు ఫిల్టరు కడిగేదీ, గొట్టం చివర మూత తీసి నీరు వదిలేదీ, పలచని ఆమ్లం పంపేదీ అందుకే. పారేసిన డ్రిప్పర్ దొరికితే పెద్దవాళ్ల చేత నిలువునా కోయించి, మన్ను ఏ మూల చేరిందో భూతద్దంతో చూడండి.