మిశ్రమ లొకేల్‌లో తేదీ, సమయం

కంప్యూటరులో సందేశాల భాష, తేదీ, సమయం, కరెన్సీ మొదలైనవి ఎలా కనబడాలో నిర్ణయించే అమరికల సముదాయాన్ని లొకేల్ అంటారు. ఈ అమరికలన్నీ ఒకే భాషకు చెందకుండా, ఉదాహరణకు సందేశాలు తెలుగులోను తేదీలు అమెరికా ఆంగ్ల పద్ధతిలోను ఉన్నట్లయితే, దానిని మిశ్రమ లొకేల్ అనవచ్చు. సాఫ్టువేరును తెలుగులోకి అనువదించేవారు దీనిని గమనించకపోతే వాక్యం వికృతమవడమే కాక తేదీ కూడా మారిపోయే ప్రమాదం ఉన్నది.

భద్రాచలం ఉదాహరణ

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పూర్వపు ఖమ్మం జిల్లా నుండి విడివడి 2016 అక్టోబరు 11న ఏర్పడింది. మన పద్ధతిలో ఇది 11/10/2016. అమెరికా అమరిక గల కంప్యూటరు ఇవే అంకెలను నవంబరు 10గా గ్రహిస్తుంది. అలాగే తెలంగాణ ఏర్పడిన 02/06/2014 ఫిబ్రవరి 6గాను, ఖమ్మం జిల్లా ఏర్పడిన 01/10/1953 జనవరి 10గాను మారతాయి. రోజు అంకె 12 దాటితే పొరపాటు బయటపడుతుంది. దాటకపోతే ఎవరికీ అనుమానం రాదు. దరఖాస్తులో పుట్టిన తేదీ ఇలా తారుమారైతే విద్యార్థి వయస్సే మారిపోతుంది.

లొకేల్ పేరులో భాష, దేశం ఉంటాయి గాని రాష్ట్రం ఉండదు. కనుక 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం మండలాలకూ, తెలంగాణలో మిగిలిన భద్రాచలం పట్టణానికీ తెలుగు లొకేల్ ఒక్కటే. అడవి దారిన ఛత్తీస్‌గఢ్‌లోని కుంటకు చేరి హిందీ ఎంచుకున్నా రోజు, నెలల వరుస మారదు. చిక్కు తెచ్చేది చాలా కంప్యూటర్లలో ముందే అమర్చి ఉండే అమెరికా ఆంగ్లమే.

అనువాదంలో జాగ్రత్తలు

లినక్స్‌లో సందేశాల భాషను ఎల్‌సీ_మెసేజెస్, నెలల పేర్లను మరియు తేదీ రూపాన్ని ఎల్‌సీ_టైమ్ నిర్ణయిస్తాయి. ఎల్‌సీ_ఆల్ అమర్చి ఉంటే ఈ రెండూ చెల్లవు. అనువాదకుడు సందేశంలోనే "సంవత్సరం, నెల, రోజు" అనే వరుస పెట్టి చివర "న" చేర్చాడనుకుందాం. వరుస, విభక్తి తెలుగువి. నెల పేరు మాత్రం ఎల్‌సీ_టైమ్ నుండి రోమను లిపిలో వచ్చి మధ్యలో కూర్చుంటుంది. అందువలన వరుసను కూడా ఎల్‌సీ_టైమ్‌కే వదిలి, విభక్తికి బదులు "తేదీ:" అని ముందు రాయడం మేలు. ఫైళ్ళలో భద్రపరచడానికి ఐఎస్ఓ 8601 ప్రకారం 2016-10-11 అని ఉంచితే సందిగ్ధత ఉండదు.

సమయం మరికొంత కష్టం. ఆంగ్లంలో పి.ఎం. అనే ఒక్క గుర్తు అంకె తరువాత వస్తుంది. తెలుగులో మధ్యాహ్నం 2, సాయంత్రం 5, రాత్రి 9 అని మాట మారుతుంది, అంకెకు ముందు వస్తుంది. యూనికోడ్ వారి సీఎల్‌డీఆర్‌లో ఇటువంటి వేళల పేర్లకు చోటున్నది, కాని రెండే గుర్తులతో సరిపెట్టుకునే ప్రోగ్రాములలో "సాయంత్రం" అని అనువదిస్తే రాత్రి 11 గంటలు కూడా సాయంత్రమే అవుతుంది.