మద్దేడుకు సముద్రం ఎంత దూరం?

నౌకా రంగం గురించి వ్రాయ పూనుకున్నవారు విశాఖపట్నాన్నో కాకినాడనో ఆరంభస్థానంగా తీసుకోవడం పరిపాటి. మేము బస్తరులోని మద్దేడు నుండి ఆరంభిస్తున్నాము. బీజాపూర్ నుండి భోపాలపట్నం పోయే దారిలో, తెలుగూ గోండీ కలిసి వినవచ్చే ఆ ఊరికీ సముద్రానికీ ఏమి సంబంధమని పాఠకులు అడుగవచ్చు. రేవు పక్కన నివసించేవారికి రేవు నిత్యం కనిపించే దృశ్యం. దాని అసలు విలువ తెలిసేది రేవు అందని చోటనే.

బస్తరుకు సముద్రం మొదట ఉప్పు రూపంలో చేరింది. బంజారాలు ఎడ్ల వీపుల మీద గోనెలు వేసుకొని తీరప్రాంతం నుండి కనుమలెక్కి ఉప్పు తెచ్చేవారు. తిరుగు ప్రయాణంలో ధాన్యమూ అటవీ ఫలసాయమూ తీసుకొనిపోయేవారు. అడవిబిడ్డలు సారపప్పును ఉప్పుతో సరితూకానికి ఇచ్చిన రోజులు ఉన్నాయి. తీరంలో చౌకగా దొరికే వస్తువు కొండల నడుమ అంత ప్రియం కావడానికి వర్తకుల లాభాపేక్ష ఒక కారణం, దారి దూరం మరొక కారణం. సరుకు విలువను ఉత్పత్తి వ్యయం ఒక్కటే నిర్ణయించదనీ, రవాణా వ్యయం దానిని మించిపోగలదనీ ఏ ఆర్థిక శాస్త్రమూ చదువని మన పెద్దలకు ఆ ఉప్పే నేర్పింది.

సముద్రాన్ని ఈ సీమకు దగ్గర చేసే ప్రయత్నం పందొమ్మిదవ శతాబ్దిలో ఒకటి జరిగింది. గోదావరి ఆనకట్టను నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్, ఎగువ గోదావరిని కూడ పడవల రాకపోకలకు అనువుగా చేసి, మధ్యపరగణాల ప్రత్తిని జలమార్గాన కాకినాడ తీరానికి చేర్చవచ్చునని గట్టిగా వాదించారు. 1860లో నిజాం ప్రభుత్వం నదికి ఎడమ ఒడ్డున ఉన్న తాలూకాలను ఆంగ్లేయులకు అప్పగించింది. నదిలో మూడు చోట్ల రాతిబండలు పడవలకు అడ్డు. వాటిలో మొదటిది దుమ్ముగూడెం వద్దది. రెండవదైన ఇచ్చంపల్లి, ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటికి దిగువన, అంటే మన మద్దేడు సీమకు చేరువలోనే ఉన్నది. దుమ్ముగూడెంలో ఆనకట్ట లేచింది, కాలువ త్రవ్వారు, లాకులు కట్టారు. ఈలోగా 1867లో రైలు బొంబాయి నుండి నాగపూరు చేరింది. ప్రత్తి పడమటి దారి పట్టింది. 1871లో పనులు నిలిపివేశారు. కాటన్ మహాశయుడు ఓడిపోయింది నదితో కాదు, కాలంతో అని మాకు తోచును.

రెండవ ప్రయత్నం ఫలించింది. బస్తరులోని బైలాడిలా కొండలలో మేలురకపు ఇనుప ఖనిజం అపారంగా ఉన్నది. బైలాడిలా అంటే ఎద్దు మూపురమని అర్థం. ఎద్దు వీపున ఉప్పు వచ్చిన సీమ నుండి ఎద్దు మూపురం పేరుగల కొండ ఇనుమై ఓడ ఎక్కడం ఒక చమత్కారం. 1960లో జపాను ఉక్కు కర్మాగారాలతో ఒప్పందం కుదిరింది. దానికొరకై కొత్తవలస నుండి కిరండూల్ వరకు సుమారు 445 కిలోమీటర్ల రైలుమార్గం తూర్పు కనుమలను తొలుచుకొని వెళ్ళింది. యాభైకి పైగా సొరంగాలు, శిమిలిగుడ వద్ద సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తు! 1968లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ కిరండూల్ గనిని ఆరంభించింది.

అయితే రైలు తీరానికి చేర్చినంత మాత్రాన పని ముగియలేదు. 1933లో ఆరంభమైన విశాఖ రేవు లోపలి భాగంలోకి భారీ నౌకలు రాజాలవు. చిన్న నౌకలో పంపితే టన్నుకు పడే కిరాయి పెరుగుతుంది. ఖనిజం బరువైనది, ధర తక్కువది, కనుక ఆ కిరాయి భారమే బేరాన్ని చెడగొట్టగలదు. ఆస్ట్రేలియా, బ్రెజిల్ గనులతో పోటీపడుతూ జపానుకు అమ్మాలంటే పెద్ద నౌక తప్పదు. అందువలననే సముద్రంలోకి అడ్డుగోడలు కట్టి, 1976లో వెలుపలి రేవును ప్రారంభించారు. లక్ష టన్నులకు పైబడిన ఓడలు అక్కడ నిలిచాయి. ఎక్కడో కొండలోని రాతికి ధర కట్టినది ఈ రేవు లోతే! ఆ పిమ్మట విశాఖ ఉక్కు కర్మాగారం కూడ ఆ ఖనిజంతోనే నడిచింది. దానికి కావలసిన కోకింగ్ బొగ్గు మాత్రం విదేశాల నుండి ఓడలలో దిగుతున్నది.

మన విదేశీ వాణిజ్యంలో పరిమాణం రీత్యా సుమారు 95 శాతం, విలువ రీత్యా 70 శాతం సముద్రం మీదనే సాగుతున్నదని ప్రభుత్వ లెక్కలు. ఈ అంకెలను చూచి సంతోషించేవారు మరొక అంకెను గమనింపరు. 1980ల చివరలో మన సరుకులో దాదాపు 40 శాతం భారతీయ నౌకలు మోసేవి. తరువాతి కాలంలో అది పది శాతానికి దిగువకు జారింది. సరుకు మనది, రేవు మనది, కిరాయి పరులది. 1948లో విశాఖలో ‘జల ఉష’ను నీటిలోకి దింపినప్పుడు దేశం ఉప్పొంగినది ఈ కిరాయి మన ఇంట మిగులుతుందన్న ఆశతోనే కదా!

మరి మద్దేడు? కిరండూల్ రైలు దానిని తాకదు. జాతీయ జలమార్గంగా 2008లో ప్రకటించిన గోదావరి భాగం రాజమండ్రి నుండి భద్రాచలం వరకే. ఆనాటి ప్రకటన ఇచ్చంపల్లి దాకా రాలేదు. ఉప్పు నేడు లారీలో, పొట్లాలలో వస్తున్నది, దాని కొరకు సారపప్పు తూచి ఇవ్వనక్కరలేదు. బస్తరు చింతపండు జగదల్‌పూర్ విపణికీ, అక్కడి నుండి తీరానికీ పోతున్నది. చెట్టు క్రింద దానిని ఏరిన తల్లికి ఊరి వర్తకుడు చెప్పిన ధర తెలుసు. ఓడ ఎక్కేనాటికి దాని ధర ఎంతో ఆమెకు చెప్పినవారు లేరు.