వేపచెట్టు ఇల్లు, దాని ముందున్న జాగా



రాబిగ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మేము సెలవు దొరికితే జిద్దా వెళ్తుంటాం. దక్షిణంగా సుమారు 150 కిలోమీటర్లు. సరుకులు కొనుక్కున్నాక, పాత ఊరు అల్ బలద్‌లో ఒక వేపచెట్టు దగ్గర కాసేపు ఆగడం మాకు అలవాటైంది. ఈ సంచికలో ఆ చెట్టున్న చిన్న జాగా కథ చెబుతాం. చివర్లో మీతో ఒక పని కూడా ఉంది.

జిద్దా పాత పేటల్లో ఇళ్ల నడుమ, సందులు కలిసే చోట వదిలిన ఖాళీ స్థలాన్ని ‘బర్హా’ అంటారు. మన ఊళ్లో రచ్చబండ చుట్టూ ఉండే జాగా లాంటిదే. ఇళ్లేమో నాలుగైదు అంతస్తులు, సందులేమో ఇరుకు. అందుకే పిల్లల ఆటలకైనా, పెద్దల కబుర్లకైనా, పెళ్లిళ్లకైనా ఆ జాగాయే ఆధారం.

అలాంటి వాటిలో పేరున్నది నసీఫ్ బర్హా. ఉమర్ నసీఫ్ అనే సంపన్న వర్తకుడు అక్కడ 1872లో ఇల్లు మొదలుపెట్టి 1881 నాటికి పూర్తిచేశాడు. ఇంటి ముందు వేపచెట్టు పెరిగింది. వాననీటిని తొట్లలో దాచుకుని బతికిన ఊరది. ఒకప్పుడు ఊరు మొత్తానికి అదొక్కటే చెట్టని చెబుతారు. దాంతో ఆ ఇంటికి ‘చెట్టున్న ఇల్లు’ అనే పేరు స్థిరపడింది. 1925లో జిద్దా స్వాధీనమయ్యాక అబ్దుల్ అజీజ్ రాజు బస చేసింది కూడా ఈ ఇంట్లోనే.

ఈ ఇళ్ల గోడలు ఎర్రసముద్రపు పగడపు రాయితో కట్టినవి. బరువు సమంగా పడేందుకు గోడల మధ్య అడ్డంగా దూలాలు పెట్టేవారు. ముందుకు పొడుచుకువచ్చిన చెక్క కిటికీలు, ‘రోషన్’లు, గాలిని లోపలికి పంపి ఎండను ఆపేవి. వాటి కలప చాలావరకు మన దేశం నుంచి, ఆగ్నేయాసియా నుంచి ఓడల్లో వచ్చేది. అయితే పగడపు రాయి తేమ పీలుస్తుంది. సున్నం, మరమ్మతు ఏటా పడకపోతే గోడ పాడవుతుంది. అంటే ఇంట్లో మనిషి ఉన్నంతకాలమే ఇల్లు నిలుస్తుంది.

1947లో ఊరి గోడ కూల్చాక పాత కుటుంబాలు కొత్త పేటలకు తరలిపోయాయి. పాత ఇళ్లు అద్దెలకు పోయాయి. కొన్ని కూలాయి, కొన్ని కాలిపోయాయి. నసీఫ్ ఇల్లు మాత్రం మిగిలింది. ఆ ఇంటి మనవడు షేక్ మొహమ్మద్ నసీఫ్ పోగుచేసిన వేల పుస్తకాలు విశ్వవిద్యాలయానికి చేరాయి. ఇల్లు ప్రజలు చూసే చోటైంది. 2014లో యునెస్కో పాత జిద్దాను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2019లో 56 పాత భవనాల మరమ్మతుకు 5 కోట్ల రియాళ్లు కేటాయించారు.

చెట్టు కింద నిలబడ్డప్పుడల్లా మాకు మన గుడి చుట్టూ ఉన్న పాత లోగిళ్లే గుర్తొస్తాయి. తాళాలు పడిన ఇళ్లు, అమ్మకానికి పెట్టినవి. వాటికి యునెస్కో రాదు. ఎవరు కట్టారో, బావి ఎవరు తవ్వించారో తెలిసిన పెద్దలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. వారిని అడిగి నాలుగు మాటలు రాయండి. పాత ఫొటో, దస్తావేజు ఉంటే సెల్‌ఫోన్‌తో తీసి పంపండి. వాటిని వరుసగా పెట్టి భద్రపరిచే పని మేం చూసుకుంటాం. కంప్యూటర్ పని మాకు వచ్చు, ఆ జ్ఞాపకాలు మాత్రం మీ దగ్గరే ఉన్నాయి.