ర్యామ్ 3200, ప్రాసెసర్ 4200, బోర్డు 100: ఈ మూడూ కలిసి ఎలా నడుస్తాయి?

కొత్తగా కంప్యూటర్ బిగించుకున్నవాళ్లలో చాలామందికి మొదటి రోజే ఓ అనుమానం వస్తుంది. ర్యామ్ ప్యాకెట్ మీద 3200 అని ఉంటుంది. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిచి మెమరీ ట్యాబ్ చూస్తే 1600కి అటూ ఇటూగా కనబడుతుంది. షాపువాడు మోసం చేశాడా? పైగా ప్రాసెసర్ 4.2 గిగాహెర్ట్జ్, బోర్డు క్లాక్ 100 మెగాహెర్ట్జ్. ఎవరి వేగం వారిదైతే ఒకరి మాట ఒకరికి ఎలా అందుతుంది?

మోసం ఏమీ లేదు. డీడీఆర్ మెమరీ క్లాక్ పైకి లేచేటప్పుడు ఒక విడత, కిందికి దిగేటప్పుడు ఇంకో విడత డేటా పంపుతుంది. క్లాక్ 1600, విడతలు 3200. రెండు అంకెలూ నిజమే.

మొదట్లో ఇన్ని వేగాలు లేవు. 1981 నాటి ఐబీఎం పీసీలో 14.318 మెగాహెర్ట్జ్ స్ఫటికం ఉండేది. దాన్ని మూడుతో భాగిస్తే వచ్చే 4.77 మెగాహెర్ట్జ్ మీదే 8088 ప్రాసెసర్ నడిచేది, కార్డులు గుచ్చే స్లాట్లకూ అదే క్లాక్. తర్వాత ప్రాసెసర్లు పుంజుకున్నాయి, బోర్డు వెనకబడింది. దానికి కారణం దూరం. బోర్డు మీది రాగి గీతల్లో సిగ్నల్ ఒక నానోసెకనులో సుమారు 15 సెంటీమీటర్లు పోతుంది. 4.2 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక టిక్కు నిడివి నానోసెకనులో నాలుగో వంతు కూడా ఉండదు. ఆ కాస్త సమయంలో సిగ్నల్ నాలుగు సెంటీమీటర్లయినా దాటదు. ర్యామ్ స్లాట్ అంతకన్నా దూరంలోనే ఉంటుంది. వేలిగోరంత చిప్పులో సాధ్యమయ్యే పరుగు బోర్డు మీద సాధ్యం కాదు.

అందుకే లోపలి వేగాన్ని బయటి వేగం నుంచి విడదీశారు. 1992లో వచ్చిన ఇంటెల్ 486డీఎక్స్2 బోర్డుతో 33 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడుతూ లోపల 66లో పనిచేసింది. ఇప్పటి ప్రాసెసర్లదీ అదే పద్ధతి: బేస్ క్లాక్ 100, మల్టిప్లయర్ 42, వెరసి 4200. ఈ హెచ్చవేత చేసేది చిప్పులోని పీఎల్ఎల్ అనే సర్క్యూట్. తనంతట తాను వేగంగా ఊగే ఆసిలేటర్ ఒకటి అందులో ఉంటుంది. ఆ ఊపుల్ని 42తో భాగించి, వచ్చినదాన్ని బోర్డు ఇచ్చే 100తో నిరంతరం పోల్చి చూస్తుంది. ముందుకు పోతుంటే తగ్గిస్తుంది, వెనకబడితే పెంచుతుంది. మెమరీ క్లాక్‌ను కూడా వేరే గుణకంతో ఇలాగే తయారుచేస్తారు.

రెండు క్లాక్‌ల సరిహద్దులో కాపలా మెమరీ కంట్రోలర్‌ది. ఒకప్పుడు ఇది బోర్డు మీద వేరే చిప్పులో ఉండేది. ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో, ఇంటెల్ 2008లో నెహాలెమ్‌తో దీన్ని ప్రాసెసర్ లోపలికి తెచ్చాయి. ప్రాసెసర్ కోరికలు ఒక చిన్న క్యూలో ఒక క్లాక్ ప్రకారం చేరతాయి, ఇంకో క్లాక్ ప్రకారం బయటికి వెళతాయి. ఎవరూ ఎవరి వేగానికీ మారనక్కర్లేదు.

మారనక్కర్లేదు గాని, ఆగక తప్పదు. అసలు కథంతా ఇక్కడే ఉంది. ర్యామ్‌లో ఒక్కో బిట్టూ అతి చిన్న కెపాసిటర్‌లో దాచిన పిసరంత చార్జి. దాన్ని గుర్తుపట్టి పెద్దది చేసి చదవడానికి పట్టే సమయాన్ని క్లాక్ పెంచి తగ్గించలేం. ఈ ఎదురుచూపును టిక్కుల్లో చెప్పే అంకే సీఎల్. లెక్క చూడండి. ఇరవై ఏళ్ల కిందటి మేలురకం డీడీఆర్ 400 స్టిక్‌కి సీఎల్ 2, టిక్కుకి 5 నానోసెకన్లు: మొత్తం 10. డీడీఆర్4 3200కి సీఎల్ 16, టిక్కుకి 0.625: మళ్లీ 10. డీడీఆర్5 6000కి సీఎల్ 30 అయితే అదీ 10. ఒకేసారి ఎక్కువ బిట్లు తోడి వరసగా పంపడం వల్ల ధార పెరిగింది, మొదటి చుక్క కోసం చూసే ఎదురుచూపు మాత్రం తగ్గలేదు.

దారిలో పట్టే కాలం, క్యూలో గడిచే కాలం కలిపితే ప్రాసెసర్ అడిగిన డేటా చేతికందేసరికి 80 నానోసెకన్ల దాకా అవుతుంది. అంటే 300కి పైగా టిక్కులు. అందుకే ప్రాసెసర్ లోపల క్యాష్ అనే చిన్న, వేగవంతమైన మెమరీ పెట్టారు. మొదటి అంచె క్యాష్ నుంచి నాలుగైదు టిక్కుల్లో జవాబు వస్తుంది. ప్రాసెసర్ ర్యామ్ దాకా వెళ్లినప్పుడు కూడా ఒక్క బైటు కోసం కాదు, పక్కపక్కనే ఉన్న 64 బైట్లు కలిపి తెచ్చుకుంటుంది. ఒకచోటి డేటా వాడితే దాని పక్కది కూడా త్వరలోనే కావలసి వస్తుందన్న అంచనా చాలాసార్లు నిజమవుతుంది. మన కంప్యూటర్ చురుగ్గా ఉందంటే, నా దృష్టిలో సగం ఘనత ఈ క్యాష్‌దే.

కాబట్టి ర్యామ్ కొనేటప్పుడు పెద్ద అంకె ఒక్కటే చూడకండి, పక్కనున్న సీఎల్ కూడా చూడండి. వేర్వేరు వేగాల స్టిక్కులు రెండు పెడితే రెండూ నెమ్మదైనదాని వేగానికే దిగుతాయి. ఇంకో మాట: 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 స్టిక్కులు చాలావరకు బయోస్‌లో ఎక్స్ఎంపీ (రాసి ఉన్న వేగాన్ని అమలు చేసే సెట్టింగ్) ఆన్ చేసేదాకా 2133లోనో 2400లోనో నడుస్తుంటాయి. కొత్తది కొనే ముందు, ఉన్నదాన్ని పూర్తిగా వాడుకుంటున్నారో లేదో ఒకసారి బయోస్‌లోకి వెళ్లి చూడండి.