రేడియో గడియారమునకు బలమెక్కడిది?

జర్మనీ దేశమున ఫ్రాంక్‌ఫర్టు నగరమందున్న మా అబ్బాయి యింట నేను కొన్ని నెలలు గడపితిని. అచ్చటి గోడ గడియారమునకు కీ యిచ్చుట లేదు, వేళ సరిచేయుటయు లేదు. “అది రేడియోతో నడుస్తుంది, మామయ్యగారూ” అని కోడలు చెప్పగా, తరంగమే దానికి ఆహారమని తలచితిని. అది పొరపాటు.

ఆ నగరమునకు ఆగ్నేయముగా మైన్‌ఫ్లింగెన్ అను చోట ప్రసారకేంద్ర మొకటి కలదు. సెకనుకు 77,500 మారులు ఊగు దీర్ఘతరంగమును అది 1959 నుండి పంపుచున్నది. 1973 నుండి గంట, నిమిషము, తేదీ కూడ అందు చేరినవి. వేళను నిర్ణయించునవి పరమాణు గడియారములు. సెకనుకొకమారు తరంగబలము క్షణకాలము తగ్గును. ఆ తగ్గుదల సెకనులో పదవవంతైన నొక గుర్తు, ఐదవవంతైన మరియొకటి. ఈ గుర్తులను కూర్చుకొని గడియారము వేళను చదువుకొనును. 59వ సెకనున గుర్తే యుండదు. ఆ మౌనమే క్రొత్త నిమిషమునకు సూచన.

పురోహితుడు ముహూర్తము చెప్పును గాని పెండ్లి ఖర్చు భరింపడు గదా! తరంగమును అంతే. ముల్లును త్రిప్పునది వెనుకనున్న ఒకటిన్నర వోల్టుల పెన్సిలు సెల్లు. అంత చిన్నది ఏడాదికి పైగా ఎట్లు వచ్చుననగా, ముల్లునకు కావలసినది చిన్న తోపు మాత్రమే. రేడియో చెవియు దినమంతయు తెరచియుండదు, సాధారణముగా రాత్రివేళ కొలది నిమిషములు మాత్రమే వినును.

సెల్లులు కొనుట దండుగయని నేనొక చౌక అడాప్టరు తెచ్చి, సెల్లు స్థానమున కొయ్యముక్క నమర్చి, తీగలు తగిలించితిని. గడియారము బాగుగనే నడచెను. మార్చి కడపటి ఆదివారమున ఆ దేశపు గడియారము లన్నియు గంట ముందునకు జరుగును. మాది జరుగలేదు. స్వదేశమునకు మరలుచున్న నా బాల్యమిత్రునికి వీడ్కోలు చెప్ప విమానాశ్రయమునకు పోగా, విమానము వెడలిపోయెను. అతడు ద్వారము కడ నా కొఱకు చాలసేపు నిలిచెనట.

అట్టి అడాప్టరులో విద్యుత్తు సెకనుకు వేలకొలది మారులు తెగుచు కలియుచు నుండును. ఆ రొద సన్నని పిలుపును మ్రింగివేయును. అడాప్టరును రెండు గజముల దూరముంచిన కొంత మేలు. నేను మాత్రము మరల సెల్లునకే వచ్చితిని. ఆల్కలైను రకము మంచిది. ఛార్జింగు చేసుకొను సెల్లు 1.2 వోల్టులే యిచ్చును, కొన్ని గడియారములకు చాలదు. అయిపోయిన సెల్లును వెంటనే తీసివేయవలెను. కారినచో లోని రేకులు తుప్పుపట్టును. క్రొత్తది వేయగానే పెక్కు గడియారములలో ముండ్లు పండ్రెండు కడకు పరుగెత్తి నిలుచును. కంగారుపడి కదపరాదు.

విదేశములందలి పిల్లలు ఇట్టిది పంపినచో ఒక మాట. ఆ పిలుపు రెండువేల కిలోమీటర్లకు మించి నమ్మకముగా పోదు, మన యూళ్ల కందదు. వేళను చేతితోనే పెట్టుకొనవలెను. మా యింట అట్టిది యొకటి కలదు. రాత్రివేళ అది యిప్పటికిని ఆ పిలుపు కొఱకు చెవి యొగ్గుచునే యున్నది. అందుచే సెల్లు కొంచెము త్వరగా అయిపోవుచున్నది.