పది రోజుల పందిట్లో పద్ధెనిమిది పాటలు

ర్యాప్ పాట మీద మన ఇళ్ళల్లో రెండే అభిప్రాయాలు. పెద్దవాళ్ళకు అది అరుపు, పిల్లలకు అదే లోకం. ఈ ఇద్దరి మధ్యా కూర్చుని, ఒక్కొక్క పాటనూ మూడేసి సార్లు విని, ఎవరు నిజంగా చెప్పారు, ఎవరు ఊరికే నోరు చేసుకున్నారు అని లెక్క తేల్చే ఓపిక ఎవరికుంటుంది? పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి కనుక నాకు ఉన్నది. అంచేత ఈమధ్య రెండు వారాలపాటు, రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక, చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకుని, పక్కన కాగితమూ పెన్సిలూ పెట్టుకుని ఆ పని చేశాను.

విన్నది 2019 జూలై 5న అమెరికాలో విడుదలయిన ‘రివెంజ్ ఆఫ్ ది డ్రీమర్స్’ మూడవ భాగం. కలలు కనేవాళ్ళ పగ అని అర్థం చెప్పుకోవచ్చు. ఇది ఒకరి ఆల్బమ్ కాదు, ఒక లేబుల్ ఆల్బమ్. లేబుల్ అంటే గాయకులతో ఒప్పందం చేసుకుని, పాటలు రికార్డు చేయించి, లోకం మీదికి వదిలే సంస్థ. ఈ లేబుల్ పేరు డ్రీమ్‌విల్. జె. కోల్ అనే ర్యాప్ గాయకుడు 2007లో ఇబ్రహీం హమద్ అనే స్నేహితుడితో కలిసి దీన్ని పెట్టుకున్నాడు.

ఈ కోల్ ఉత్తర కరొలైనాలోని ఫయెట్‌విల్ అనే ఊళ్ళో పెరిగినవాడు. తన ఆల్బములలోకి అతిథులను రానివ్వడని ఆయనకు పేరు. 2014లో వచ్చిన ‘2014 ఫారెస్ట్ హిల్స్ డ్రైవ్’ నిండా ఆయనొక్కడే. ఒక్క అతిథి లేకుండానే అది పది లక్షలకు పైన అమ్ముడుపోయింది. అభిమానులు అదొక బిరుదులాగా చెప్పుకునేవారు, గిట్టనివాళ్ళు అదే మాటతో వేళాకోళం చేసేవారు.

అటువంటి మనిషి 2019 జనవరిలో అట్లాంటా నగరంలో, ట్రీ సౌండ్ అనే స్టూడియోలో పది రోజులపాటు పెళ్ళిపందిరి వేశాడు! శుభలేఖల్లాగా ఆహ్వానపత్రాలు వెళ్ళాయి. అందుకున్నవాళ్ళు వాటిని సామాజిక మాధ్యమాల్లో పెట్టుకుని మురిసిపోయారు. గాయకులూ, బాణీలు కట్టేవాళ్ళూ కలిసి 343 మంది. పదిరోజుల్లో తయారయిన పాటలు 142. ఆల్బమ్‌లోకి ఎక్కినవి 18. పేరు అచ్చయిన గాయకులు ముప్పైమందికి పైన. ఆ వారం అమెరికాలో అమ్మకాల పట్టికలో అదే మొదటి స్థానంలో నిలిచింది. సరే, అమ్మకం సంగతి అమ్మేవాళ్ళు చూసుకుంటారు. మనకు కావలసినది వేరు: ఇంతమంది ఒకచోట చేరితే అది గోష్ఠి అయిందా, సంత అయిందా?

వినడం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. మన పద్యానికి రెండో అక్షరంలో ప్రాస, పాదం మధ్యలో యతి. వీళ్ళకు బలమంతా పాదం చివర. ఒక్క అక్షరం కలిస్తే చాలదు. మూడు నాలుగు అక్షరాల గుత్తులు ఒకదానికొకటి మోగాలి. అది మొదటి పరీక్ష. రెండోది, తాళం మీద మాటను ఎక్కడ వేస్తున్నాడు అన్నది. బుర్రకథ చెప్పే కథకుడు గుమ్మెట దెబ్బకు సరిగ్గా మాట వేసి, మరోచోట కావాలని వెంట్రుకవాసి ఆలస్యం చేసి ఊరిస్తాడు చూశారూ, అదే విద్య. ఈ రెండూ పట్టుకుంటే చాలు. ఇంగ్లీషు సగమే అర్థమయినా మంచీ చెడూ తెలిసిపోతుంది.

ఆ లెక్కన చూస్తే ‘డౌన్ బ్యాడ్’ అనే పాట ఈ ఆల్బమ్‌కే తలమానికం. పూర్తిగా చితికిపోయిన స్థితి అని ఆ మాటకు భావం. జె.ఐ.డి. అనే అట్లాంటా కుర్రవాడు ఇందులో మాటల్ని విసిరే వేగం చూస్తే, ఇతనికి ఊపిరి తీసుకోవడం అవసరం లేదు కాబోలు అనిపిస్తుంది. కాని నాకు నచ్చింది ఆ వేగం కాదు. అతని తరువాత బాస్, కోల్, ఎర్త్‌గ్యాంగ్ జంట ఒకరి వెంట ఒకరు వస్తారు. ముందువాడు వదిలిన వేడిని తరువాతివాడు చల్లారనివ్వడు. పెద్దవాడు కదా అని కోల్‌కు పీట ఎత్తు వెయ్యలేదు. వరసలో అందరిలాగే నిలబడ్డాడు. 2020 గ్రామీ పురస్కారాలకు ఈ ఆల్బమూ, విడిగా ఈ పాటా పోటీలో నిలిచాయి. రెండూ రాలేదు. రాకపోతే పోయె, పాటకు లోటేమీ లేదు.

‘1993’ అనే పాట వింటే అవధానం చూసినవాళ్ళు ఫక్కున నవ్వుతారు. బడీ అనే ఆయన ఇందులో అచ్చం అప్రస్తుత ప్రసంగి. కోల్, జె.ఐ.డి., కాజ్, స్మీనో ఇంకా కొందరు ఒక్కొక్కరే గొంతు సవరించుకుని గొప్ప పాదాలు మొదలుపెడతారు. కాస్త ఊపందుకోగానే బడీ అడ్డుపడి, ‘సరేగాని, ఆ చుట్ట ఇటు అందించవయ్యా’ అనే ధోరణిలో గద్దిస్తాడు. అది గంజాయి చుట్ట అని వేరే చెప్పనక్కరలేదు. అలవాటు మెచ్చుకోదగినది కాదు, హాస్యం మాత్రం అసలైనది. పాండిత్యం ప్రదర్శించే సభలో పాండిత్యాన్ని వెక్కిరించేవాడు ఒకడుండాలని వీళ్ళకు తోచడం నాకు ముచ్చటేసింది.

‘లాంబోట్రక్’లో కాజ్, రీజన్ అనే ఇద్దరు చేతిలో పైసా లేదని వాపోతూ, లేబుల్ యజమానులను దోచేస్తే ఎలా ఉంటుందని ముచ్చటించుకుంటారు. వీరిలో కాజ్ అప్పట్లో కోల్ పోషణలోనివాడు, రీజన్ అప్పటికి మరో లేబుల్ మనిషి. వేళాకోళమే అనుకోండి. కాని పెద్ద నీడలో బతికే చిన్నవాడి కడుపుమంట కొంత ఆ నవ్వులో వినపడుతుంది. దాన్ని యజమానే తన ఆల్బమ్‌లో అచ్చు వేయించాడంటే కోల్‌కు నేను రెండు మార్కులు ఎక్కువ వేశాను.

ఇక ‘కోస్టా రీకా’. తొమ్మిదిమంది మగవాళ్ళు, ఒక్క పాట. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవారెవరు? ఒక్కొక్కడికీ నాలుగు పాదాలు దక్కుతాయో లేదో, మరొకడు మీద పడతాడు. ఎవరు ఏం చెప్పారో మూడోసారి విన్నాక కూడా నా కాగితం మీదికి ఎక్కలేదు. స్టూడియోలో ఆ రాత్రి బ్రహ్మాండంగా సరదాగా గడిచి ఉంటుంది, సందేహం లేదు. ఆ సరదా మనదాకా రాలేదు. ‘మిడిల్ చైల్డ్’ది ఇంకో రకం తంటా. బాణీ చక్కనిది, కోల్ పాతతరానికీ కొత్తతరానికీ నడుమ తన చోటు చెప్పుకుంటాడు. కాని అందులో ఆయన తప్ప మరొకరు లేరు. అది జనవరిలోనే విడిగా వచ్చి పేరు తెచ్చుకున్న పాట. పదిమందీ కలిసి వండిన విందులో ఇంటాయన విడిగా తన కారియరు విప్పుకున్నట్టుంది.

ఇక్కడే నాకు అసలు పేచీ. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. 18 పాటల్లో ఎనిమిదింట కోల్ ఉన్నాడు. జె.ఐ.డి. తన పేరున ఆరింట ఉన్నాడు. ఈ లేబుల్‌నే నమ్ముకుని ఏళ్ళతరబడి ఉన్న లూట్‌కు దక్కినవి రెండు. మొదటి పాట ‘అండర్ ది సన్’లో అతను పాడిన భాగం వినండి, తొణుకూ బెణుకూ లేని గొంతు. ఈ పాట పల్లవిలో 2018లో పులిట్జర్ బహుమానం పొందిన కెండ్రిక్ లమార్ గొంతు కూడా వినిపిస్తుంది, జాబితాలో మాత్రం ఆయన పేరుండదు. పేరు కోసం ఇంతమంది క్యూ కట్టిన చోట అదొక వింత.

ఆడవాళ్ళ సంగతి మరీ. ఆరీ లెనక్స్ ఈ లేబుల్‌లో చేరిన మొదటి గాయని. ఆమె గొంతులో పాతకాలపు సోల్ సంగీతపు నిండుదనం ఉన్నది. ఆమెకు దక్కినవీ రెండే, ‘సెల్ఫ్ లవ్’, ‘గాట్ మి’. రెండూ నెమ్మది పాటలు. పౌరుషం చూపించే పెద్ద పాటలు, ‘అండర్ ది సన్’, ‘డౌన్ బ్యాడ్’, ‘కోస్టా రీకా’, ‘1993’, వీటి జాబితాల్లో ఒక్క స్త్రీ పేరూ కనిపించదు. సభలో మాటల పోటీ మగవాళ్ళది, మంగళహారతి మాత్రం ఆడవాళ్ళు పాడాలి! ఇది మనకు తెలియని ఏర్పాటేమీ కాదు. సముద్రాలు దాటి అట్లాంటాలో కూడా అదే కనిపిస్తే చివుక్కుమన్నది. ‘పి.టి.ఎస్.డి.’ అనే పాట కొంత ఊరట. మనసుకు తగిలిన గాయాన్ని ఒమెన్ మాటల్లో చెబుతూంటే, మెరీబా, సెయింట్ బ్యూటీల గొంతులు అతనికి వంత పాడినట్లుండవు, పక్కన కూర్చుని విన్నట్లుంటాయి.

ఇళ్ళల్లో పెట్టుకోవాలనుకునేవారికి ఒక హెచ్చరిక. బూతుమాటలు ధారాళంగా ఉన్నాయి. పిల్లలు పక్క గదిలో ఉండగా స్పీకరులో పెట్టకండి. అసలు వాళ్ళు ఇదివరకే వినేసి ఉంటారనుకోండి, అది వేరే సంగతి.

ఆఖరి పాట ‘శాక్రిఫైసెస్’. త్యాగాలు అని. ఎర్త్‌గ్యాంగ్, స్మీనో, సేబా పాడాక చివరికి కోల్ వస్తాడు. పోటీ లేదు, డంబం లేదు. భార్యను ఉద్దేశించి, తనకు కొడుకును ఇచ్చినందుకు కృతజ్ఞత చెప్పుకుని, ఇంట్లోకి మరో బిడ్డ రాబోతున్న వార్త బయటపెడతాడు. ఇన్ని గొంతుల గోలలో పది రోజులు గడిపిన మనిషి ఒక్కరితోనే మాట్లాడుతున్నాడు. ఆయన వాటా ఎక్కువయిందని పైన నేను చేసిన ఫిర్యాదు ఈ పాటకు మాత్రం వర్తించదు.

మిగిలిపోయిన పాటల్లోంచి మరో 12 తీసి, 2020 జనవరిలో ఇదే ఆల్బమ్‌కు జత చేసి మళ్ళీ వదిలారు. అందులో ఆరీ లెనక్స్‌కు ‘బసిట్’ అని హుషారయిన పాట ఒకటి దక్కింది, మగవాళ్ళెవరి ఆసరా లేకుండా ఆమె ఒక్కతే నడిపిస్తుంది. లూట్‌కు ‘స్టిల్ డ్రీమిన్’ దక్కింది. రెండూ విన్నాను. వీటిని మొదటి విడతలోనే పెట్టి, ‘కోస్టా రీకా’ను ఆ రాత్రి సరదాగా స్టూడియోలోనే ఉంచేస్తే నా కాగితం మీద కొట్టివేతలు కొన్ని తగ్గేవి.