వంటింటి మీద ఫైబర్ రేకులు వేయిస్తున్నారా?

ఖమ్మం, భద్రాచలం అడవి అంచు ఊళ్లలో ఒకప్పుడు తాటాకు ఇళ్లు, పెంకుటిళ్లే ఎక్కువ. ఇప్పుడు పెంకులు సర్దే మనిషి దొరకడమే గగనం. పైగా కోతుల బెడద! అందుకే చాలామంది వంటింటి మీద, వరండా మీద ప్లాస్టిక్ రేకులు వేయిస్తున్నారు. ముందు ఈ సంగతులు చూడండి.

ఫైబర్ రేకంటే గాజు నూలును పాలిస్టర్ రెజిన్ అనే జిగురులో తడిపి గట్టిపరిచినది. తేలిక, తుప్పు పట్టదు, వెలుతురిస్తుంది. కానీ ఏళ్ల తరబడి ఎండకు జిగురు అరిగి, పచ్చబడి, నూలు పైకి తేలుతుంది. అది చేతికి తగిలితే ఒకటే దురద. పాలీకార్బనేట్ రేకు గట్టిది, ధరా ఎక్కువే. ఎండను తట్టుకునే పూత చాలా రకాలకు ఒకవైపే ఉంటుంది. ఆ వైపే పైకి రావాలి.

వేడికి రేకు సాగుతుంది కనుక, బోల్టుకన్నా రంధ్రం కాస్త పెద్దగా వేయించి రబ్బరు వాషరు పెట్టించండి.

కొత్తగూడెం ఎండలు మనకు తెలియనివా? ఇల్లంతా వెలుతురు రేకులే అయితే మధ్యాహ్నం పొయ్యి దగ్గర నిలబడలేం. ఒకటి రెండు చాలు. కట్టెల పొయ్యి పైన మాత్రం అసలొద్దు, నిప్పంటుకుంటుంది.

పాత సిమెంటు రేకులు తీయిస్తుంటే కోయించకండి, పగలగొట్టించకండి. ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు చేటు. నీళ్లు చల్లి, తడిగా ఉండగానే దింపించండి.

అన్నిటికంటే ముఖ్యం, రేకు మీద ఎవరినీ అడుగు పెట్టనివ్వకండి. పాతబడ్డ రేకు మనిషి బరువు ఆపదు. ఆకులు ఊడ్చాలంటే నిచ్చెన మీంచే పొడుగు కర్ర చీపురుతో ఊడ్పించండి. ఎక్కక తప్పకపోతే, వాసాల మీద ఆనేలా మందపాటి చెక్క వేయించండి. "ఏం కాదులే" అని మీవారన్నా సరే, ఊరుకోకండి!